స్మార్ట్ స్విచ్ రోజూ ఆఫ్‌లైన్ అవుతోందా? రౌటర్ రీసెట్ చేసేముందు న్యూట్రల్ ఎక్కడిదో చూడండి

రోజూ ఉదయం ఎనిమిదిన్నర అయ్యేసరికి తణుకులో మా అమ్మావాళ్ల బెడ్‌రూమ్ స్విచ్ ఆఫ్‌లైన్‌లోకి వెళ్లిపోయేది. సాయంత్రం ఏడున్నరకి మళ్లీ దానంతటదే ఆన్‌లైన్‌లోకి వచ్చేది. నేను హైదరాబాద్‌లో కూర్చుని యాప్‌లో చూస్తూ ఉండేవాణ్ణి. హాల్లో పెట్టిన మాడ్యూల్ మాత్రం ఒక్కసారి కూడా డ్రాప్ కాలేదు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే వైఫైకి కనెక్ట్ అయినవి.

అందరిలాగే నేనూ ముందు వైఫైనే అనుమానించా. రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌లకి వేర్వేరు పేర్లు పెట్టా. చానల్ మార్చా. మాడ్యూల్‌కి ఫిక్స్‌డ్ ఐపీ ఇచ్చా. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశా. వీకెండ్‌లో వెళ్లి రీసెట్ కొట్టి మళ్లీ పెయిర్ చేశా. ఆదివారం రోజంతా బ్రహ్మాండంగా పనిచేసింది. సోమవారం ఎనిమిదిన్నరకి మళ్లీ ఆఫ్‌లైన్.

మధ్యాహ్నం అమ్మ ఫోన్. "ఒరేయ్, కాసేపు పడుకుందామంటే ఫ్యాన్ రావట్లేదురా. గోడ మీద స్విచ్ నొక్కినా తిరగట్లేదు. ఆ పాతవే బాగున్నాయి కదా!"

అసలు క్లూ అమ్మ మాటల్లోనే ఉంది, నేనే పట్టించుకోలేదు. వైఫై పోతే యాప్ పనిచేయదు కానీ, గోడ మీద స్విచ్ పనిచేయాలి. స్విచ్ కూడా పనిచేయట్లేదంటే మాడ్యూల్‌కి పవరే అందట్లేదని అర్థం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, సగం ట్రబుల్‌షూటింగ్ ఇక్కడే అయిపోతుంది.

గీజర్ రిపేర్‌లో బయటపడ్డ నిజం

ఓ శనివారం నేను ఇంట్లో ఉండగా గీజర్ థర్మోస్టాట్ మార్చడానికి ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో గీజర్ లైన్ ఆర్‌సీసీబీ ఆఫ్ చేశాడు. గీజర్ స్విచ్ బాక్స్ ఓపెన్ చేసి, వైర్లు ముట్టుకునేముందు అలవాటుగా టెస్టర్ పెట్టాడు. ఫేజ్ మీద పెడితే వెలగలేదు. న్యూట్రల్ మీద పెడితే వెలిగింది!

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని నా వైపు చూశాడు. "తమ్ముడూ, ఇందులోంచి న్యూట్రల్ ఎవరన్నా లాగారా?"

లాగింది నేనే. బెడ్‌రూమ్ బోర్డులో లైట్, ఫ్యాన్ స్విచ్‌లు, రెగ్యులేటర్ తప్ప సాకెట్ లేదు. మన ఇళ్లలో స్విచ్ బోర్డుకి మామూలుగా ఫేజ్ వస్తుంది, స్విచ్ నుంచి లైట్‌కో ఫ్యాన్‌కో వెళ్తుంది. న్యూట్రల్ పైనుంచే నేరుగా లైట్‌కి, ఫ్యాన్‌కి వెళ్లిపోతుంది. బోర్డులో సాకెట్ ఉంటేనే అక్కడికి న్యూట్రల్ వచ్చి ఉంటుంది. స్మార్ట్ మాడ్యూల్ అంటే లోపల ఓ చిన్న కంప్యూటర్ లాంటిది. లైట్ ఆఫ్‌లో ఉన్నా అది నిద్రపోకూడదు, కాబట్టి దానికి ఫేజ్, న్యూట్రల్ రెండూ కావాలి. గోడకి అవతలివైపే బాత్రూమ్ గీజర్ బాక్స్ ఉంది. అందులో నల్ల వైరు ఉంది. "న్యూట్రల్ ఎక్కడైనా న్యూట్రలే కదా" అనుకుని అక్కడి నుంచి లాగేశా. మాడ్యూల్ వెలిగింది, యాప్‌లో కనిపించింది. నా పని అయిపోయిందనుకున్నా.

గీజర్, వాషింగ్ మెషీన్ ఉన్న ఆ లైన్‌ని నాన్న రోజూ షాపుకి వెళ్లేముందు ఎందుకైనా మంచిదని ఆఫ్ చేస్తారు. రాత్రి వచ్చాక ఆన్ చేస్తారు. ఆదివారం షాపు సెలవు కాబట్టి ఆ రోజంతా ఆన్‌లోనే ఉంటుంది. ఆఫ్‌లైన్ టైమింగ్ మొత్తం ఇదే! నేను రౌటర్ లాగ్‌లు తిరగేస్తుంటే సమాధానం నాన్న దినచర్యలో ఉంది.

ఇది ఆఫ్‌లైన్ సమస్య మాత్రమే కాదు

ఆర్‌సీసీబీ ఆఫ్ చేస్తే ఫేజ్, న్యూట్రల్ రెండూ కట్ అవుతాయి. కానీ నా మాడ్యూల్‌కి ఫేజ్ వస్తున్నది లైట్ల లైన్ నుంచి. ఆ లైన్ ఆన్‌లోనే ఉంది. ఆ కరెంట్ మాడ్యూల్ లోపలి సర్క్యూట్ గుండా దాటి, ఎటూ పోయే దారి లేక గీజర్ న్యూట్రల్ వైరు మీద కూర్చుంది. అంటే ఆఫ్ చేశామనుకున్న లైన్‌లో, అదీ ఎవరూ అనుమానించని నల్ల వైరులో వోల్టేజ్ ఉంది. ఎలక్ట్రీషియన్ అన్న టెస్టర్ పెట్టకుండా తడి బాత్రూమ్‌లో నిలబడి ఆ వైరు పట్టుకుని ఉంటే? నా ఆటోమేషన్ సరదాకి ఆయన షాక్ తిని ఉండేవాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆర్‌సీసీబీ పని ఫేజ్‌లో వెళ్లిన కరెంట్, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంట్ సమానంగా ఉన్నాయా లేదా అని చూడటం. ఇళ్లలో ఎక్కువగా వాడే 30 మిల్లీఆంప్ రకం, తేడా ఆ స్థాయికి చేరేలోపే ట్రిప్ అవ్వాలి. ఒక మాడ్యూల్ తీసుకునేది చాలా తక్కువ కాబట్టి మా ఇంట్లో ట్రిప్ కాలేదు. ఇలాంటివి నాలుగైదు మాడ్యూళ్లు వేరే లైన్ న్యూట్రల్ మీద పెట్టి ఉంటే, గీజర్ లీకేజ్ కూడా దానికి తోడై, కారణం తెలియకుండా ట్రిప్ అవుతూ ఉండేది. అప్పుడు చాలామంది చేసే పని ఆర్‌సీసీబీని బైపాస్ చేయడం. అది ఇంకా పెద్ద తప్పు.

సరిచేయడానికి గంట పట్టింది. గీజర్ బాక్స్ నుంచి లాగిన వైరు తీసేశాం. బెడ్‌రూమ్ లైట్ పాయింట్ దగ్గర అదే సర్క్యూట్ న్యూట్రల్ ఉంది. పైపులోకి స్టీల్ వైరు తోసి, అక్కడి నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైరు ఒకటి బోర్డులోకి దించాడు అన్న. అప్పటి నుంచి నాన్న ఏం ఆఫ్ చేసినా ఆ మాడ్యూల్ కదల్లేదు.

"నలుపు కనిపిస్తే న్యూట్రల్ అనుకోకు తమ్ముడూ. అది ఎవరి న్యూట్రలో చూడు" అన్నాడు వెళ్తూ వెళ్తూ.

మెయిన్ ఆఫ్ చేస్తే సరిపోదు: ఇన్వర్టర్ ఉంది

ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించగానే, ఇన్వర్టర్ కరెంట్ పోయిందనుకుని లైట్లకి, ఫ్యాన్లకి తనే సప్లై ఇస్తుంది. హాల్లో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. మీరు ఓపెన్ చేసిన బోర్డులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు మెయిన్ ఆఫ్, తర్వాత ఇన్వర్టర్ ఆఫ్, ఆ తర్వాత టెస్టర్. ఆ టెస్టర్‌ని కూడా ముందు కరెంట్ ఉన్న సాకెట్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోండి. పాడైన టెస్టర్ కూడా "కరెంట్ లేదు" అనే చెప్తుంది.

హాల్ బోర్డులో ఇంకో విషయం గమనించా. లైట్, ఫ్యాన్‌కి ఇన్వర్టర్ ఫేజ్, సాకెట్‌కి మామూలు కరెంట్ ఫేజ్. అంటే ఒకే బోర్డులో రెండు ఫేజ్ వైర్లు. నా ఫోర్ చానల్ మాడ్యూల్‌కి ఫేజ్ ఇన్‌పుట్ ఒక్కటే. రెండు వైర్లూ అందులో కలిపేస్తే? కరెంట్ ఉన్నంతసేపు తేడా తెలియదు. కరెంట్ పోగానే ఇన్వర్టర్ ఇంటి మొత్తానికి సప్లై ఇవ్వబోతుంది, ఓవర్‌లోడ్ అవుతుంది. మెయిన్ ఆన్‌లో ఉంటే బయటి లైన్‌లోకి కూడా కరెంట్ వెళ్లొచ్చు, వీధిలో పనిచేసే లైన్‌మన్‌కి అది ప్రమాదం. కరెంట్ తిరిగొచ్చినప్పుడు ఇన్వర్టర్ కాలిపోవచ్చు కూడా. అందుకే మాడ్యూల్‌కి ఇన్వర్టర్ ఫేజ్ ఒక్కటే ఇచ్చి, సాకెట్‌ని పాత స్విచ్ మీదే వదిలేశా. అన్నీ స్మార్ట్ కానక్కర్లేదు.

లక్షణాన్ని బట్టి ఎక్కడ వెతకాలి?

గోడ స్విచ్ పనిచేస్తోంది, యాప్ పనిచేయట్లేదు: ఇది నెట్‌వర్క్ సమస్య. చాలా వైఫై మాడ్యూళ్లు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. బోర్డు వెనక ఇనుప బాక్స్ ఉంటే సిగ్నల్ బాగా తగ్గుతుంది. రౌటర్‌ని కూడా ఇన్వర్టర్ లైన్ మీద పెట్టండి, లేకపోతే కరెంట్ పోయినప్పుడల్లా అన్నీ ఆఫ్‌లైన్ అవుతాయి.

రెండూ పనిచేయట్లేదు: పవర్ సమస్య. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టేజ్‌లో పెట్టి మాడ్యూల్ ఫేజ్, న్యూట్రల్ మధ్య చూడండి. 230 దగ్గర్లో ఉండాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య కొద్ది వోల్టులకి మించి కనిపిస్తే న్యూట్రల్ లూజ్‌గానో, తెగిపోయో, నాలాగా ఎవరో అరువు తెచ్చిందో అయి ఉండొచ్చు. బోర్డు ఓపెన్ చేసి, కరెంట్ ఆన్‌లో ఉంచి చేసే ఈ కొలత అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ఆఫ్ చేసినా ఎల్ఈడీ మసగ్గా వెలుగుతోంది, లేదా మినుకుతోంది: న్యూట్రల్ అక్కర్లేని రకం స్విచ్‌లలో ఇది మామూలే. ఆ స్విచ్ బతకడానికి కావాల్సిన కొద్దిపాటి కరెంట్ బల్బు గుండానే వెళ్తుంది. తక్కువ వాట్స్ ఎల్ఈడీకి ఆ కాస్తా చాలు. కంపెనీ ఇచ్చే బైపాస్ కెపాసిటర్‌ని స్విచ్ దగ్గర కాదు, లైట్ దగ్గర దానికి ప్యారలల్‌గా పెట్టాలి.

అర్ధరాత్రి కరెంట్ వచ్చాక లైట్లన్నీ వెలుగుతున్నాయి: వైరింగ్ తప్పు కాదు. యాప్‌లో పవర్ ఆన్ స్టేట్ అని ఉంటుంది. దాన్ని ఆఫ్‌కో, చివరి స్థితికో మార్చండి.

ఫ్యాన్ గుయ్‌మంటోంది: లైట్ డిమ్మర్‌ని ఫ్యాన్‌కి పెట్టారేమో చూడండి. నేను మాడ్యూల్‌ని ఆన్, ఆఫ్‌కి మాత్రమే వాడి, పాత రెగ్యులేటర్‌ని దాని తర్వాత అలాగే ఉంచా. బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే మధ్యలో రెగ్యులేటరే ఉండకూడదు.

మాడ్యూల్ వేడెక్కుతోంది, కాలిన వాసన: వెంటనే ఆఫ్ చేయండి. స్క్రూ లూజ్ అయినా అవ్వాలి, లోడ్ ఎక్కువైనా అవ్వాలి. 2000 వాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. 10 ఆంపియర్లని రాసి ఉన్న చిన్న మాడ్యూల్ మీద దాన్ని రోజూ నడపడం అంచు మీద నడవడమే. గీజర్, ఏసీ, మోటార్‌లకి తగిన కాంటాక్టర్ పెట్టి, మాడ్యూల్‌తో ఆ కాంటాక్టర్‌ని కంట్రోల్ చేయించాలి.

కొనేముందు ఒక్క పని

ఈసారి ఆఫర్‌లో మాడ్యూల్ కార్ట్‌లో వేసేముందు, మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆఫ్ చేసి బోర్డు మూత తీసి ఓ ఫొటో తీసుకోండి. న్యూట్రల్ ఉందా, ఎన్ని ఫేజ్‌లు వస్తున్నాయి, బాక్స్‌లో చోటుందా అన్నది అందులో తెలుస్తుంది. వైరు రంగుని మాత్రం నమ్మకండి. పాత ఇళ్లలో ఏ రంగు దొరికితే అది లాగేసి ఉంటారు. న్యూట్రల్ ఏ సర్క్యూట్‌దో తేల్చడానికి అన్న వాడిన పద్ధతి ఇది: అన్ని సప్లైలూ ఆపి, డిస్ట్రిబ్యూషన్ బోర్డులో న్యూట్రల్ వైర్లని విడదీసి, మీటర్‌తో ఒక్కోదానికీ కంటిన్యూటీ చూడటం. ఆ పనికి ఇచ్చే కూలీ మాడ్యూల్ ధరలో భాగమే అనుకోండి.

నేను లాగిన ఆ నల్ల వైరు ముక్క ఇప్పటికీ నా టూల్ బాక్స్‌లోనే ఉంది. కొత్త మాడ్యూల్ తీసిన ప్రతిసారీ ముందు అదే చేతికి తగులుతుంది.