ముందు ఏది, తరువాత ఏది?

హిఫ్జ్ మదరసాలో పొద్దు గడియారంతో కాక పాఠంతో మొదలవుతుంది. ఫజ్ర్ నమాజు ముగిసి, వెలుతురు ఇంకా పూర్తిగా పరచుకోకముందే పిల్లలు రిహల్ ముందు కూర్చుంటారు. మొదట ఆనాటి కొత్త పాఠం వినిపిస్తారు. దానిని సబఖ్ అంటాము. తరువాత గడచిన కొద్దిరోజుల పాఠాలు, అది సబ్ఖీ. ఆ పిమ్మట, ఎప్పుడో కంఠస్థమైన పాత పారాలను వంతులవారీగా తిరిగి అప్పజెప్పాలి; అది ఆమోఖ్తా. కొన్నిచోట్ల మంజిల్ అని కూడా వ్యవహరిస్తారు. దినచర్య, పనుల ప్రాధాన్యం అనే మాటలు ఈమధ్య అందరి నోటా వినిపిస్తున్నాయి గాని, మాకు ఆ విషయం నేర్పినవి ఈ మూడు పాఠాలే. అదీ మేము ఒక పిల్లవాడికి నష్టం చేసిన తరువాత.

మేము బోధన ప్రారంభించిన తొలి సంవత్సరాల సంగతి. మా వద్ద పదమూడేళ్ల విద్యార్థి ఒకడుండేవాడు. చురుకైనవాడు. రోజుకు ఒక పేజీ కంఠస్థం చేసేవాడు. పదిహేను పంక్తుల ముస్హఫ్‌లో ఒక పారా అంటే సుమారు 20 పేజీలు. నెల తిరగకుండానే వాడికి ఒక పారా పూర్తయ్యేది. తండ్రి ప్రతి శుక్రవారం వచ్చి, "హజ్రత్, ఎన్నో పారా నడుస్తోంది?" అని అడిగేవారు. మేము సంఖ్య చెప్పేవాళ్లం. ఆయన ముఖం వెలిగిపోయేది. మా ముఖం కూడా వెలిగేదని ఒప్పుకోవాలి. ఆ సంఖ్య పెరగాలనే తొందరలో ఆమోఖ్తాను జుహర్ తరువాతకు నెట్టాము. జుహర్ తరువాత నిద్ర ముంచుకు వచ్చేది, కనుక అస్ర్ తరువాతకు నెట్టాము. అస్ర్ తరువాత పిల్లలకు ఆటవిడుపు. ఎవరూ రద్దు చేయకుండానే ఆ పాఠం వాడి దినచర్యలో నుండి జారిపోయింది.

వాడు 22వ పారాలో ఉండగా, రమజాన్‌కు ముందు ఒకనాడు, ఐదవ పారా వినిపించమన్నాము. మూడు పంక్తులకొకసారి ఆగిపోయాడు. ఏడవ పారా అడిగాము, అదీ అంతే. వాడు తల వంచుకుని ఏడుస్తుంటే, ఆ తప్పు వాడిది కాదని మాకు స్పష్టంగా తెలుసు. నాలుగు నెలలపాటు కొత్త పాఠం ఆపివేశాము. పొద్దున మొదటి గంట ఆమోఖ్తాకు ఇచ్చాము. తండ్రి బాధపడ్డారు, బంధువులకు ఏమని చెప్పాలని నిలదీశారు. ఆయనకు క్షమాపణ చెప్పుకోవడం తప్ప మా వద్ద మరొక జవాబు లేకపోయింది.

ఆ తరువాత చాలాకాలం ఆలోచించాము. కొత్త పాఠానికి అడిగేవాళ్లుంటారు. పాత పాఠాన్ని అడిగేవాడు ఉండడు. మన ఇళ్లలో పనులు కూడా ఈ రెండు తెగలే. మోగే ఫోను, గడువు తేదీ వేసిన కరెంటు బిల్లు, తలుపు తట్టే మనిషి, ఇవన్నీ అడిగే పనులు. అమ్మీజాన్ మోకాలి నొప్పిని వైద్యునికి చూపించడం, మౌనంగా మారిపోతున్న పిల్లవాడి పక్కన కాసేపు కూర్చోవడం, చిన్ననాడు మక్తబ్‌లో నేర్చి మరచిన సూరాలను మళ్లీ సరిచూసుకోవడం, ఇవి అడగని పనులు. దినమంతా ఊపిరి సలపకుండా పనిచేసి, రాత్రి పడుకోబోయే ముందు "ఏమీ చేయలేదే" అనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. అడిగినవన్నీ చేశాము, అడగనివి మిగిలిపోయాయి.

ప్రాధాన్య క్రమం మనకు కొత్త విద్య కాదు. ఫర్జ్, వాజిబ్, సున్నత్, ముస్తహబ్, ముబాహ్ అనే వరుస మక్తబ్ పిల్లవాడికి కూడా కంఠస్థమే. అయితే దానిని నమాజు, వుజూలకే పరిమితం చేసి, మిగతా దినాన్ని వరుస లేకుండా వదిలేస్తున్నాము. ఇమామ్ మాలిక్ (రహ్మలై) గారి మువత్తాలో ఒక సంఘటన నమోదై ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఒకనాటి ఫజ్ర్‌లో సులైమాన్ అనే వ్యక్తి కనబడకపోవడం గమనించారు. తరువాత బజారుకు వెళుతూ, దారిలో ఉన్న వారి ఇంటివద్ద ఆయన తల్లి షిఫా (రజి) గారిని విచారించారు. రాత్రంతా నమాజు చేస్తూ గడిపాడని, తెల్లవారేసరికి నిద్ర ముంచేసిందని ఆమె చెప్పారు. రాత్రంతా నిలబడి ఆరాధించడం కన్నా ఫజ్ర్ జమాఅత్‌లో హాజరు కావడమే తనకు ప్రియమని హజ్రత్ ఉమర్ (రజి) బదులిచ్చారు. ఆ వ్యక్తి వృథా కాలక్షేపం చేసినవాడు కాడు, ఆరాధనలోనే గడిపాడు. అయినా మంచిపని తనకన్నా ముఖ్యమైన పనిని మింగివేసింది. వలీమా విందులకు, వీధి తగవులు తీర్చడానికి పరుగులు తీస్తూ ఇంటి బాధ్యతను వాయిదా వేసే మనవంటివారు ఈ సంఘటనను రెండుసార్లు చదవాలి.

ఇక కాలం సంగతి. ఐదు నమాజులు దినాన్ని సమాన భాగాలుగా విభజించవు. ఫజ్ర్‌కూ జుహర్‌కూ నడుమ ఏడెనిమిది గంటల వ్యవధి ఉంటుంది. అస్ర్‌కూ మగ్రిబ్‌కూ నడుమ గంట, గంటన్నర. మగ్రిబ్‌కూ ఇషాకూ నడుమ కూడా ఇంచుమించు అంతే. బుద్ధితో చేసే బరువైన పనిని పొడవైన వ్యవధిలో ఉంచాలి. ఇరుగుపొరుగును పలకరించడం, సరుకులు తేవడం వంటివి చిన్న వ్యవధిలో ఇమిడిపోతాయి. మనవాళ్లు "సాయంత్రం వస్తాను" అనరు, "మగ్రిబ్ తరువాత వస్తాను" అంటారు. ఆ మాటలోనే సగం ప్రణాళిక ఉంది. వచ్చేవారు నిజంగా మగ్రిబ్ తరువాతే వస్తే! ఋతువును కూడా గమనించాలి. హైదరాబాదులో ఫజ్ర్ వేళ జూన్‌లో సుమారు 4:20కి ప్రవేశిస్తుంది; డిసెంబరు చివరికి 5:20 దాటుతుంది. వేసవిలో రాత్రి నిద్ర తగ్గుతుంది గనుక మధ్యాహ్నపు ఖైలూలా అవసరమవుతుంది. డిసెంబరులో వేసుకున్న పట్టిక జూన్‌లో పనిచేయకపోతే అది మన బద్ధకమే కానక్కరలేదు.

ఆరవ హిజ్రీ శతాబ్దపు బగ్దాద్ పండితుడు ఇబ్నుల్ జౌజీ (రహ్మలై) వద్దకు ఊసుపోక వచ్చి కూర్చునేవారు చాలామంది ఉండేవారు. వారిని పొమ్మనడం మర్యాద కాదు. కూర్చుంటే సమయం పోతుంది. అందుకని ఆయన కాగితాలు కత్తిరించడం, కలాలు చెక్కడం, పుస్తకాలను కట్టలు కట్టడం వంటి పనులను వారి రాక కోసం దాచిపెట్టుకునేవారు. ఆలోచన అవసరం లేని పనులను ఆలోచన సాగని వేళకు కేటాయించడమన్నమాట. మేము కూడా హాజరు పట్టీలు నింపే పనిని అతిథుల కోసం దాచుకుంటున్నాము. ఇంతవరకు ఎవరూ నొచ్చుకోలేదు.

ఇదంతా ఒకసారి తల్లిదండ్రుల సమావేశంలో చెప్పాము. పరదా వెనుకనుండి ఒక తల్లి, "హజ్రత్, ఈ పట్టిక మగవాళ్లది" అన్నారు. ఫజ్ర్ అయిన వెంటనే నల్లా వస్తుంది, బిందెలు నింపాలి. ఆపైన టిఫిను, పిల్లల డబ్బాలు, మామగారి మందులు. మీరు చెప్పిన పొడవైన వ్యవధి తనకు పదిన్నరకు గాని మొదలవదని, అప్పటికి ఒంట్లో శక్తి ఉండదని ఆమె అన్నారు. మేము నిరుత్తరులమయ్యాము. ఆమె సమయాన్ని ఇంట్లో అందరూ కోసుకుని పంచుకుంటుంటే, ఆమెకు ప్రణాళిక గురించి ఉపదేశించి ప్రయోజనం ఏమిటి? దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో నిమగ్నులై ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. ఈ హదీసును సహీహ్ బుఖారీలో మేము ఎన్నోసార్లు బోధించాము. మా ఇంట బిందెలు ఎవరు నింపుతున్నారో ఆనాటి వరకు అడగలేదు.

మరుసటి వారంనుండి నీళ్లు పట్టే పని మాకు, మా పెద్దవాడికి వచ్చింది. ఆ తల్లి ఇంట్లో కూడా ఏదో మార్పు జరిగినట్టుంది. తొమ్మిదినుండి పదివరకు గంటసేపు తజ్వీద్ నేర్చుకుంటున్నానని కొన్నాళ్లకు కబురు పంపారు. ఒక గంట, ఒకే పని. అంతకుమించి పట్టిక ఏదీ వేసుకోలేదట.

మేము ఇషా తరువాత పాత క్యాలెండరు కాగితం వెనుక మరునాటి పనులు మూడు రాసుకుంటాము. మూడుకు మించి రాస్తే ఒకటీ కావని అనుభవం. వాటిలో ఒకటి తప్పనిసరిగా అడిగేవాడు లేని పని అయి ఉండాలన్నది మా నియమం. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న మా ఆపాను చూసిరావడం అనే పని పదకొండు రోజులుగా మూడవ పంక్తిలోనే ఉంది. ఆమె ఫోనులో ఎప్పుడూ రమ్మని అడగరు. ఈ రాత్రి దానిని మొదటి పంక్తిలో రాశాము. ఫజ్ర్ తరువాత మొదటి బస్సు 6:10కి ఉంది.