పని నడుమ నొక్క నిమిషము

కడచిన సంవత్సరము మా యింట జరిగిన యొక చిన్న సంగతితో నీ వ్యాసము నారంభించెదను. ఉదయము ఏడున్నర గంటలు. ఒక పొయ్యిమీద కుక్కరు, రెండవదానిమీద పాలు. మామగారికి మందు వేళ యైనది. స్కూలు బస్సు వీధి మొగలో హారను మ్రోగించుచుండెను. అంతలో మా చిన్నపాప పెరుగుగిన్నె జారవిడిచినది. ఏమి చేయుచుంటినో నాకు తెలియకమునుపే నా చేయి దాని వీపుమీద పడినది. పిల్ల యేడ్వలేదు. నా ముఖమువైపు భయముతో చూచి, గుడ్డ తెచ్చి నేల తుడువసాగెను. ఆ చూపు నన్ను చాల దినములు విడువలేదు. పోయినది రెండు గరిటెల పెరుగు. దానికై నాకంత కోపమేల రావలెను?

ఆలోచింపగా, ఆ కోపము పెరుగువలన కలిగినది కాదనియు, తెల్లవారుజాము ఐదింటినుండి ఊపిరి సలుపక పరుగిడిన దేహమునుండి పుట్టినదనియు తోచినది. వాల్టర్ కానన్ అను అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు 1915లో ప్రకటించిన గ్రంథమున నీ స్థితిని వివరించియున్నాడు. ఆపద యెదురైనపుడు ప్రాణి పోరాడుటకో పారిపోవుటకో సిద్ధపడును. మూత్రపిండములపైనుండు గ్రంథులు అడ్రినలిన్ అను పదార్థమును రక్తములోనికి విడుచును. గుండె వడిగా కొట్టుకొనును. రక్తమున చక్కెర హెచ్చును. పులి యెదురైనపుడిది మేలే. కుక్కరు ఈలకును, బస్సు హారనుకును గూడ దేహమట్లే సిద్ధపడుచున్నచో సాయంకాలమునకు మనయందు మిగులునదేమి?

దీనికి మందు కొంత మన ఊపిరియందే కలదు. గాలి పీల్చునపుడు గుండె కొంచెము వేగముగను, విడుచునపుడు కొంచెము నెమ్మదిగను కొట్టుకొనును. మెదడునుండి గుండెకు పోవు వేగస్ అను నాడి దీనికి ముఖ్యకారణము. కావున నాలుగు లెక్కించునంతసేపు పీల్చి, ఆరు లెక్కించునంతసేపు మెల్లగా విడువవలెను. ఆరుమారులకు ఒక నిమిషము పట్టును. బిగబట్ట బనిలేదు; తల తిరిగినట్లున్నచో మానవలెను. నడుమ మనసు ఊపిరిని విడిచి, పప్పులో ఉప్పు వేసితినా లేదా యని పోవును. పోనిండు. పోయినదని గుర్తించి మరల తెచ్చుకొనుటయే యిందలి పని.

ఇది క్రొత్త విద్య కాదు. బౌద్ధులు దీనినే ఆనాపానసతి యందురు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్ జిన్ అను నాయన ఇట్టి యభ్యాసములను రోగులకు నేర్ప మొదలిడెను. ఆ శిక్షణము ఎనిమిది వారములు. మనకంత తీరిక యెక్కడిది? అయినను నిరాశ వలదు. 2022లో రుమేనియా పరిశోధకులు 22 పరిశీలనల ఫలితములను కూర్చి చూడగా, పది నిమిషములకు మించని విరామములవలన గూడ బడలిక తగ్గి ఉత్సాహము హెచ్చుచున్నదని తేలినది. పనితనము మాత్రము అన్నిటను మెరుగుపడలేదట. ఆ మాట దాచుట న్యాయము కాదు.

నేను పాలు కాగు వేళను ఎంచుకొంటిని. పాలకడ ఎట్లును నిలువవలసినదే గదా! అప్పుడు గిన్నెలు సర్దను, ఫోను ముట్టను. పూర్వము ఫోనులో బొమ్మలు చూచుటయే విశ్రాంతి యని భ్రమపడితిని. అందు కన్నులకు గాని మనసునకు గాని విరామము లేదు. ఇప్పుడు అరికాళ్లు నేలను తాకుట గమనించుచు, గిన్నె యంచున చిన్న బుడగలు లేచుట చూచుచు, ఊపిరి లెక్కింతును. మొదటి దినముననే మా అత్తగారు వచ్చి, "ఏమమ్మా, అట్లా నిలబడ్డావు, ఒంట్లో నలతగా ఉన్నదా?" అని యడిగిరి. పని చేయక నిలిచిన కోడలు జబ్బుపడినదై యుండవలెను కాబోలు!

ఊపిరి లెక్కించినంతమాత్రమున ఇంటిపని తరుగదు. 2019లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ గణనములో, ఇంటిపని చేయు స్త్రీకి దినమునకు సగటున 299 నిమిషములును, ఇంటిపని చేయు పురుషునకు 97 నిమిషములును పట్టుచున్నవని తేలినది. ఈ వ్యత్యాసమును మావారితో పలుమారులు కోపముతో చెప్పితిని, జగడమైనది. ఒకనాడు పాలు దించి, ఆ నెమ్మదిలోనే చెప్పితిని. ఇప్పుడు మామగారి మందులును, బస్సు పనియు వారివి. నిద్ర పట్టక, దేనియందును రుచి లేక వారములు గడచుచున్న సోదరి మాత్రము దీనినే నమ్ముకొని యుండక వైద్యుని చూడవలెను. 14416 అను నెంబరునకు ఫోను చేసినచో ప్రభుత్వపు టెలీ మానస్ వారు ఉచితముగా తెలుగున మాటలాడుదురు.

మొన్న నొకనాడు నేను లెక్క తప్పితిని. పాలు పొంగి పొయ్యి నిండ పోయినవి. పాప పరుగున వచ్చి మొదట నా ముఖమే చూచినది. నేను గుడ్డ తీసికొంటిని. అది ఇంకొక గుడ్డ తెచ్చి, "అమ్మా, ఈ ప్రక్క నేను తుడుస్తా" నన్నది.