అన్నవరం నీడ, అశ్వారావుపేట మధ్యాహ్నం

అన్నవరం రత్నగిరి మీద సత్యనారాయణస్వామి ఆలయ ఆవరణలోని నీడ గడియారాన్ని చేతి గడియారంతో పోల్చి చూసినవారికి పది పన్నెండు నిమిషాల తేడా కనిపిస్తే, పాతబడి చెడిపోయిందేమో అనిపించడం సహజం. కానీ రాజమండ్రికి చెందిన పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి 1943లో నిర్మించిన ఈ యంత్రంలో అరిగే చక్రం లేదు, సడలే స్ప్రింగు లేదు. కదిలేది నీడ ఒక్కటే. దాన్ని కదిలించేది గంటకు 15 డిగ్రీల చొప్పున తిరిగే భూమి. అందుకే ఆ తేడా తప్పు కాదు, లెక్కకు అందే విషయం.

1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశపు కాలమే దేశానికి ప్రామాణిక కాలమైంది. అంతకుముందు రైళ్లు మద్రాసు కాలంతో నడిచేవి. అన్నవరం ఆ రేఖకు పక్కనే ఉంది కాబట్టి అక్కడ ఊరి వల్ల వచ్చే తేడా అర నిమిషం లోపే. అదే యంత్రాన్ని మా అశ్వారావుపేటకు తెచ్చి పెడితే? నీడ గడియారంలో శంకువు, అంటే నీడ వేసే భాగం, వాలు ఆ ఊరి అక్షాంశానికి సమానంగా ఉండాలి. రెండు ఊళ్లదీ దాదాపు 17¼ డిగ్రీలే కనుక వాలు మార్చే పని లేదు. లండన్ అక్షాంశం 51½ డిగ్రీలు. అక్కడి గడియారం ఇక్కడ దారి తప్పిస్తుంది. అయితే అశ్వారావుపేట పడమరకు జరిగి ఉంది, కాబట్టి పొద్దు నడినెత్తికి రావడం ఇక్కడ అయిదున్నర నిమిషాలు ఆలస్యం. దీనికి తోడు భూకక్ష్య పూర్తి వృత్తం కాదు, భూమి అక్షం ఒరిగి ఉంది. ఈ రెంటి వల్ల నీడ ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనకబడుతుంది, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుకు పోతుంది. అంటే అశ్వారావుపేటలో అసలు మిట్టమధ్యాహ్నం ఒకప్పుడు 12.20కి, ఇంకొకప్పుడు 11.49కే వస్తుంది.

ఇన్ని సవరణలు కావలసిన యంత్రం ఎందుకని అడగవచ్చు. ఆ సవరణ ఏటా అవే తేదీలకు దాదాపు అంతే ఉంటుంది; పట్టిక ఒకసారి రాసిపెడితే తరాలకు సరిపోతుంది. మబ్బు పట్టినా చీకటి పడినా అది పనికిరాదన్న అభ్యంతరం మాత్రం నిజమే, ఒప్పుకోవాలి. అందుకే మనవాళ్లు అడుగున చిల్లున్న గిన్నెను నీటిమీద వదిలి, అది మునిగే 24 నిమిషాలను గడియగా లెక్కపెట్టారు. గడియారం అన్న మాట పుట్టింది ఆ గడియలోంచే. కానీ రాత్రి పలకకపోవడం వేరు, పగలు తప్పు చెప్పడం వేరు. నీడ గడియారం మీద మోపవలసింది మొదటిదే.

ఈ లెక్కను పరీక్షించడానికి ఒక్క నిలువు కర్ర చాలు. మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఈ అక్షాంశం మీదికి వస్తాడు. ఆ రోజు అన్నవరంలో 11.57కి, అశ్వారావుపేటలో 12.02కి కర్ర నీడ దాని మొదట్లోనే కలిసిపోతుంది.