యూరియా బస్తా నుండి బోరు నీటి వరకు: గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో నైట్రేటు ప్రయాణం

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మిరప, ప్రత్తి పైర్లు అధిక నత్రజనిని కోరుతాయి. నీటిపారుదల కింద మిరపకు ఎకరాకు 120 కిలోల వరకు, సంకర ప్రత్తికి 60 కిలోల వరకు నత్రజనిని దఫాలుగా సిఫారసు చేయడం జరుగుతున్నది. పైరు గ్రహించని నత్రజని కొంత వాయురూపంలో నష్టపోగా, మరికొంత నీటితో పాటు వేరు మండలాన్ని దాటి భూగర్భ జలాలను చేరుతుంది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 వార్షిక నివేదిక ప్రకారం దేశవ్యాప్తంగా సుమారు 20 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 23 శాతం నమూనాల్లో నైట్రేటు పరిమితిని మించి ఉన్నది. 2022లో పూర్వపు గుంటూరు జిల్లా నుండి ఏర్పడిన పల్నాడు, ఈ సమస్య అధికంగా గల 15 జిల్లాల్లో ఒకటిగా ఆ నివేదికలో నమోదైంది.

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటిలో నైట్రేటుకు విధించిన పరిమితి లీటరుకు 45 మి.గ్రా. అనగా సుమారు 10 మి.గ్రా. నత్రజని. ఇంతకు మించిన నీటితో పాలు కలిపి పట్టినప్పుడు ఆరు నెలల లోపు శిశువుల రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోయి, శరీరం నీలివర్ణానికి మారవచ్చును. బావినీటికి, ఈ వ్యాధికి గల సంబంధాన్ని 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్ర వైద్యుడు హంటర్ కామ్లీ వెల్లడించారు. నైట్రేటుకు రంగు, వాసన లేవు. నీటిని కాచినందువల్ల అది తొలగదు. నీరు ఆవిరై గాఢత మరింత పెరుగుతుంది.

నేలలో జరిగే మార్పులు

నేలలో పడిన యూరియా, యూరియేజ్ ఎంజైము చర్యతో కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగా మారుతుంది. ధనావేశం గల అమ్మోనియం అయాన్లను నల్లరేగడిలోని మాంట్‌మొరిల్లోనైట్ బంకమన్ను పట్టి ఉంచుతుంది. తరువాత నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు అమ్మోనియంను నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటుది ఋణావేశం, బంకమన్నుదీ ఋణావేశమే. కావున ఏ పట్టూ లేని నైట్రేటు, నీరు ఎటు కదిలితే అటే కదులుతుంది.

నల్లరేగడి బరువు నేల కనుక అందులో నీరు ఇంకదని, పోషకాలు లోతుకు పోవని ఒక అభిప్రాయం ఉన్నది. తడిసి ఉబ్బిన నేల విషయంలో ఇది చాలావరకు నిజమే. కాని వేసవిలో ఈ నేలలు లోతుగా నెర్రెలు వారుతాయి. తొలకరి భారీ వానలకు నీరు మట్టిపొరల గుండా ఇంకకుండా నెర్రెల వెంట నేరుగా కిందికి దిగుతుంది. మిరప కోతల అనంతరం నేలలో మిగిలిన నైట్రేటు, వేసవిలో సేంద్రియ పదార్థం కుళ్ళి విడుదలైన నైట్రేటు ఆ నీటితో కలిసిపోతాయి. పల్నాడులో సున్నపురాతి పగుళ్ళు, ప్రకాశంలో గ్రానైటు, నీస్ శిలల పగుళ్ళు ఈ నీటికి తదుపరి మార్గాలు. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు–నవంబరుల్లో పైపాటుగా వేసిన ఎరువుకు వెన్నంటి భారీ వర్షం కురిస్తే నష్టం మరల సంభవిస్తుంది.

రెండు లెక్కలు

నష్టం ఎంత స్వల్పమైనా ఫలితం ఎంత తీవ్రమో ఒక ఉదాహరణ చెబుతుంది. సంవత్సరంలో 100 మి.మీ. నీరు భూగర్భంలోకి ఇంకుతుందనుకుంటే, ఎకరాకు అది సుమారు 4 లక్షల లీటర్లు. అందులో 4 కిలోల నత్రజని కలిసినా ఆ నీరు పరిమితి స్థాయికి చేరుతుంది. మిరపకు వేసే 120 కిలోలలో ఇది ముప్పయ్యో వంతు మాత్రమే.

రెండవ లెక్క రైతుకు ఉపకరించేది. లీటరుకు 45 మి.గ్రా. నైట్రేటు గల బోరు నీటితో 5 సెం.మీ. చొప్పున పది తడులు ఇస్తే, ఎకరాకు సుమారు 20 కిలోల నత్రజని నీటి ద్వారానే అందుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉన్నదీ దాదాపు అంతే. కావున నీటి పరీక్ష ఫలితాన్ని బట్టి ఎరువు మోతాదును తగ్గించుకొనవచ్చును.

విస్తరణ కార్యకర్తల బాధ్యత

ప్రతి బావిలోని నైట్రేటుకూ ఎరువే కారణమని భావించరాదు. మరుగుదొడ్ల గుంతలు, పెంటకుప్పలు కూడా మూలాలే. ఊరి మధ్య బావిలో అధికంగా, పొలం బోరులో స్వల్పంగా ఉంటే మురుగునే ముందు అనుమానించవలెను. నత్రజని ఐసోటోపుల విశ్లేషణ ఈ మూలాలను వేరుపరచడానికి తోడ్పడుతుంది. మూలం తెలియకుండా రైతును నిందిస్తే, తరువాత ఇచ్చే సలహాను అతడు విశ్వసించడు.

ఆచరణలో, ఎరువును వాన సూచన చూసి ఎక్కువ దఫాలుగా వేయడం, బిందుసేద్యం గల చోట నీటితో పాటు కొద్దికొద్దిగా అందించడం ప్రధానమైనవి. 2015 నుండి దేశీయ యూరియా అంతటికీ తప్పనిసరి చేసిన వేపపూత నైట్రేటుగా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది. కాని అధిక మోతాదు వల్ల కలిగే నష్టాన్ని అది నివారించలేదు. కోతల తరువాత నీటి వసతి ఉన్న చోట జొన్న వంటి లోతు వేరు పైరు వేస్తే మిగిలిన నైట్రేటును గ్రహిస్తుంది.

వానలకు ముందు, తరువాత బోరు నీటిని పరీక్షించి, ఆ ఫలితాన్ని భూసార పత్రంతో పాటు రైతు చేతికి అందించడం ఈ కార్యక్రమానికి మొదటి మెట్టు. పసిబిడ్డ ఉన్న ఇంటి నుండే ఆ పరీక్ష ప్రారంభం కావలెను.