మోటారు ప్రమాద పరిహార తీర్పు అమలు

మోటారు ప్రమాద పరిహార తీర్పు అమలు అనగా రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి లేదా మరణించినవారి కుటుంబానికి ట్రిబ్యునల్ మంజూరు చేసిన సొమ్ము వారికి అందే వరకు జరిగే ప్రక్రియ. భారతదేశంలో ఇది 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సాధారణంగా జిల్లా జడ్జీలు, అదనపు జిల్లా జడ్జీలు ఈ ట్రిబ్యునళ్ళను నిర్వహిస్తారు. కేసు గెలవగానే పని పూర్తయిందని చాలామంది భావిస్తారు. నిజానికి ట్రిబ్యునల్ డబ్బు ఇవ్వదు, ఎవరు ఎంత ఇవ్వాలో నిర్ణయిస్తుంది.

సొమ్ము జమ

చట్టంలోని 168వ సెక్షను ప్రకారం తీర్పు నకలును 15 రోజులలోగా ఇరుపక్షాలకూ అందజేయాలి. తీర్పు వెలువడిన 30 రోజులలోగా బీమా కంపెనీ గాని, వాహన యజమాని గాని, డ్రైవరు గాని సొమ్ము జమ చేయాలి. 171వ సెక్షను కింద ట్రిబ్యునల్ పిటిషను తేదీ నుండి వడ్డీ కూడా మంజూరు చేయవచ్చును. ఇది తరచుగా సాలుకు 6 నుండి 9 శాతం మధ్య ఉంటుంది. ఉదాహరణకు 10 లక్షల పరిహారంపై 7.5 శాతం సాధారణ వడ్డీ ఇచ్చి, పిటిషను వేసిన నాలుగేళ్ళకు సొమ్ము జమ చేస్తే వడ్డీయే 3 లక్షలు అవుతుంది. కావున వడ్డీని ఏ తేదీ వరకు లెక్కకట్టారో సరిచూసుకోవడం అవసరం.

జమ అయిన సొమ్మంతా ఒకేసారి చేతికి రాకపోవచ్చు. మైనర్ల వాటాను వారు మేజర్లయ్యే వరకు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్టుగా ఉంచుతారు. చదువురాని హక్కుదారుల సొమ్మును దళారులు కాజేయకుండా వారి విషయంలోనూ ఇదే పద్ధతిని కేరళ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు సూచించింది. ఇల్లు, పొలం కొనుగోలు, వైద్యం వంటి అవసరాలకు ముందుగానే తీసుకొనుటకు ట్రిబ్యునల్ అనుమతి కోరవచ్చు. అయితే ఈ జాగ్రత్త కొన్నిచోట్ల యాంత్రికంగా మారి, చదువుకున్న పెద్దలకు కూడా తమ సొమ్ము అందక ఇబ్బంది కలిగింది. అలా చేయరాదని 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దీనికి భిన్నమైన సమస్య, ఎవరూ తీసుకోక ట్రిబ్యునళ్ళలో ఉండిపోయిన సొమ్ము. దీనిపై 2025లో సుప్రీంకోర్టు హక్కుదారుల బ్యాంకు ఖాతా వివరాలు సేకరించాలని ఆదేశించింది.

అప్పీలు

తీర్పు నచ్చని పక్షం 90 రోజులలోగా హైకోర్టులో అప్పీలు చేయవచ్చు. సొమ్ము చెల్లించవలసిన పక్షం అప్పీలు చేస్తే 25,000 రూపాయలు లేదా తీర్పు సొమ్ములో సగం, వీటిలో ఏది తక్కువైతే అది ముందుగా జమ చేయాలి. అప్పీలు వేసినంత మాత్రాన తీర్పు ఆగదు, స్టే ఉత్తర్వు ఉండాలి. స్టే ఇచ్చేటప్పుడు హైకోర్టు సాధారణంగా కొంత భాగం జమ చేయమని ఆదేశిస్తుంది. దానినుండి కొంత తీసుకొనుటకు బాధితులు అనుమతి అడగవచ్చు. పరిహారం చాలలేదని బాధితులు కూడా అప్పీలు చేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీపడితే మాత్రం అప్పీలు ఉండదు, ఆ అవార్డే అంతిమం.

బీమా వర్తించనప్పుడు

బాధితులకు అసలు కష్టం ఇక్కడే. డ్రైవరుకు సరైన లైసెన్సు లేదన్న కారణంతో కంపెనీ తప్పుకోజూస్తే, ముందు బాధితులకు చెల్లించి తరువాత యజమాని నుండి రాబట్టుకోమని ట్రిబ్యునల్ ఆదేశించవచ్చునని 2004లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాని పాలసీయే లేకపోతే కంపెనీకి బాధ్యత లేదు. లారీ వంటి సరుకు వాహనం ఎక్కిన సాధారణ ప్రయాణికులకు కూడా తప్పనిసరి బీమా వర్తించదు. పెళ్ళికో జాతరకో అలా వెళ్ళినవారి కుటుంబాలు యజమాని వెంటనే పడవలసి వస్తుంది.

యజమాని చెల్లించకపోతే 174వ సెక్షను కింద దరఖాస్తు చేయాలి. ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది, ఆ సొమ్మును భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. యజమాని పేరిట ఆస్తి లేకపోతే ఈ మార్గం కూడా ఫలించదు. అందువల్ల అతని భూమి, ఇల్లు, ఇతర వాహనాల వివరాలు ముందుగానే సేకరించి ఉంచుకోవడం మేలు. ప్రభుత్వ రవాణా సంస్థలు బీమాకు బదులు సొంత నిధి పెట్టుకొని మినహాయింపు పొందవచ్చు. అటువంటి సంస్థ చెల్లింపులో జాప్యం చేసినప్పుడు కోర్టు అమీనాలు వచ్చి బస్సులనే జప్తు చేసిన సందర్భాలు దక్షిణాది రాష్ట్రాలలో ఉన్నాయి.