తార్నాక, తార్నాకా?

మా పెద్దక్క వాళ్ళు తార్నాకలో ఉంటారు. ఆదివారం పొద్దున్నే ఓయూ క్యాంపస్‌లోంచి నడుచుకుంటూ వెళ్ళి వాళ్ళింట్లో వాలిపోవడం నాకు అలవాటు. ప్రేమతో వస్తున్నానని అక్క అనుకుంటుంది, దోసెల కోసమని బావకి తెలుసు. ఈమధ్య ఒక ఆదివారం దోసె కంటే ముందు నా చేతికి ఒక వర్క్‌షీట్ వచ్చింది. యూకేజీ చదువుతున్న మా మేనల్లుడిది. అందులో పది ఇంగ్లీషు వాక్యాలున్నాయి. ప్రతి వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెట్టాలా, క్వశ్చన్ మార్క్ పెట్టాలా అన్నది వాడు తేల్చాలి. వాడు పదింటికీ క్వశ్చన్ మార్కే పెట్టాడు. "ఎందుకురా?" అంటే, "మంచిగుంది మామా, చెవి లెక్క ఉంది" అన్నాడు.

నేను నవ్వాను కానీ అక్క నవ్వలేదు. అంతకుముందు వారం క్లాసులో మిస్ "ఎనీ క్వశ్చన్స్?" అంటే వీడు చెయ్యెత్తి, "మా ఇంట్లో చేప ఉంది" అన్నాడట. క్లాసంతా ఒకటే నవ్వు. అప్పట్నుంచి వాడు చెయ్యెత్తడమే మానేశాడు. ప్రశ్నకీ మామూలు వాక్యానికీ తేడా తెలియడం లేదు, ఇంట్లో చెప్పండి అని డైరీలో నోట్ కూడా వచ్చింది. "నువ్వు ఇంజనీరింగ్ కదా, చెప్పు" అని వాణ్ణి నాకు అప్పజెప్పి అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండు నిమిషాల పని అనుకున్నా. "చివర్న క్వశ్చన్ మార్క్ ఉంటే అది ప్రశ్నరా" అని చెప్పా. వాడు షీట్ నా మొహం ముందు పెట్టి "పెట్టిన కదా" అన్నాడు. నిజమే. గుర్తు పెట్టినంత మాత్రాన ప్రశ్న అయిపోదు. అది ప్రశ్న అని ముందే తెలిసినవాడే గుర్తు పెట్టగలడు. నేను చెప్పింది బేస్ కేస్ లేని రికర్షన్ అన్నమాట.

వాడికి ముందే తెలుసు

వర్క్‌షీట్ పక్కన పడేసి, బాల్కనీలోంచి కింద పడుకున్న వీధికుక్కని చూపించా. "అది కుక్క" అన్నా. వాడు ఊరుకున్నాడు. "అది కుక్కా?" అన్నా. వెంటనే, "కుక్కనే కదా మామా, కనిపిస్తలేదా?" అన్నాడు.

గమనించారా? మొదటి మాటకి వాడు జవాబు చెప్పలేదు, రెండోదానికి చెప్పాడు. పైగా నాకే ఒక ప్రశ్న వేశాడు. తేడా తెలియని పిల్లాడు ఇలా చెయ్యలేడు. తేడా వాడి చెవికి తెలుసు. దానికి పేరుందనీ, ఇంగ్లీషులో అది వేరేలా కనిపిస్తుందనీ మాత్రమే తెలియదు. చిన్నపిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు మనం చేసే తప్పు ఇదే అనిపించింది. చెవితో మొదలుపెట్టాల్సింది గుర్తుతో మొదలుపెడతాం.

తెలుగులో ఇది ఎంత తేలిగ్గా ఉంటుందో చూడండి. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నకి మనం చివర ఒక "ఆ" చేరుస్తాం, అంతే. వచ్చాడు, వచ్చాడా? తిన్నావు, తిన్నావా? "కుక్క" లాగా అకారంతో ముగిసే మాటైతే తలకట్టు తీసి దీర్ఘం పెడితే చాలు. గుణింతం నేర్చుకుంటున్న పిల్లాడికి తలకట్టూ దీర్ఘమూ కొత్తేం కాదు. తాళపత్రాల కాలంలో మనకి క్వశ్చన్ మార్క్ లేదు, అది అచ్చుపుస్తకాలతో వచ్చింది. అది లేకపోయినా పని జరిగిందంటే ఈ దీర్ఘం వల్లే.

ఈ "ఆ" ఒకచోట కూర్చోదు కూడా. "బావ నిన్న మెట్రోలో వచ్చాడా?" అంటే వచ్చాడో లేదో నాకు తెలియదు. "బావ నిన్న మెట్రోలోనా వచ్చింది?" అంటే వచ్చాడని తెలుసు, ఎందులో వచ్చాడన్నదే అనుమానం. "బావ నిన్ననా మెట్రోలో వచ్చింది?" అంటే రోజు మీద అనుమానం. ఏది తెలియదో దాని పక్కకే వెళ్ళి నిలబడుతుంది.

ఇలాంటి సంగతులు పట్టుకుని పనిచేసిన పెద్దాయన మన క్యాంపస్‌లోనే ఉండేవారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఓయూ భాషాశాస్త్ర శాఖలో చాలా ఏళ్ళు ప్రొఫెసర్. జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి ఆధునిక తెలుగుకి ఇంగ్లీషులో ఒక వ్యాకరణం రాశారు, 1985లో వచ్చింది. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాలాంటి వాళ్ళకి తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో దొరకడం కొంచెం సిగ్గూ, బోలెడంత సాయమూ.

తార్నాక పిల్లాడికి మూడు పద్ధతులు

మన హైదరాబాద్ పిల్లాడి చెవిలో మూడు భాషలు పడతాయి. తెలుగు ప్రశ్నని వాక్యం చివర చెబుతుంది. హిందీ, ఉర్దూ "క్యా" అని ముందే చెప్పగలవు. ఇంగ్లీషు మాటల చోటు మారుస్తుంది, "దిస్ ఈజ్ ఎ డాగ్" కాస్తా "ఈజ్ దిస్ ఎ డాగ్" అవుతుంది. చోటు మార్చడానికి తగిన మాట లేకపోతే "డు", "డజ్" అని కొత్తవి తెచ్చి పెడుతుంది. ఇంగ్లీషే ఇంటిభాషగా ఉన్న పిల్లలు కూడా మొదట్లో గొంతు పైకెత్తి అడుగుతారు. "వేర్ హీ ఈజ్ గోయింగ్" అని చోటు మార్చకుండా అడిగే దశ కూడా చాలామందిలో కనిపిస్తుంది. అలాంటప్పుడు మా వాడికి ఐదేళ్ళకి అది రాకపోతే వాణ్ణి మొద్దు అనడం అన్యాయం.

సరదా ఏంటంటే, తార్నాక అన్న పేరులోనే ఈ పాఠం ఉంది. బస్సులో కండక్టర్ "తార్నాక, తార్నాక" అని అరిస్తే అది సమాచారం. నిద్రలోంచి లేచినవాడు "తార్నాకా?" అంటే అది ప్రశ్న. అదే హిందీలో ఈ పేరు చివర ఎప్పుడూ దీర్ఘమే. మెట్టుగూడ దాటాక మెట్రోలో హిందీ అనౌన్స్‌మెంట్ విని మా వాడు, "ఆమెకు తెల్వదా మామా?" అన్నాడు.

ఇచ్చే మాట, అడిగే మాట

వాడికి "స్టేట్‌మెంట్", "క్వశ్చన్" అని చెప్పడం మానేశా. ఇచ్చే మాట, అడిగే మాట అని పేర్లు పెట్టా. నీ దగ్గర ఉన్నది ఎదుటివాడికి చెబితే ఇచ్చే మాట. నీ దగ్గర లేనిది వాణ్ణి చెప్పమంటే అడిగే మాట. నేనో వాక్యం చెబుతా. ఇచ్చే మాటైతే వాడు చెయ్యి బోర్లించి నా అరచేతిలో పెట్టాలి, అడిగే మాటైతే చెయ్యి చాపాలి. ఆర్ట్స్ కాలేజీ దాకా నడుచుకుంటూ వెళ్ళి వచ్చేలోపు ఆట వచ్చేసింది. "వాన పడుతోంది", చెయ్యి బోర్లా. "వాన పడుతోందా?", చెయ్యి చాపాడు.

తర్వాత ప్రశ్న మాటలు. వీటిని బట్టీ పట్టించక్కర్లేదు, వరసలో పెడితే చాలు. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు. ఇలా, అలా, ఎలా. ఇంత, అంత, ఎంత. ఇన్ని, అన్ని, ఎన్ని. దగ్గరున్నది "ఇ", దూరంగా ఉన్నది "అ", తెలియనిది "ఎ". మా వాడి భాషలో గిట్ల, గట్ల, ఎట్ల. గీడ, గాడ, ఏడ. ఏ యాసలో చెప్పినా లెక్క కుదురుతుంది. పిల్లాడు ఇంట్లో ఎలా మాట్లాడతాడో అలాగే చెప్పండి, పుస్తకం భాషలోకి మార్చి చెబితే చెవి సాయం పోతుంది.

నా ప్రోగ్రాం ఫెయిలైన చోటు

రాత్రి హాస్టల్‌కి వచ్చాక ఈ రెండు రూల్స్‌తో పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశా. చివరి మాట "ఆ" తో ముగిస్తే ప్రశ్న. "ఎ", "ఏ" లతో మొదలయ్యే మాట ఉంటే ప్రశ్న. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో తెలుగు లిపిలో వచ్చిన మెసేజ్‌ల మీద నడిపా. మా పెద్దవాళ్ళెవరూ క్వశ్చన్ మార్క్ పెట్టరు కాబట్టి మంచి పరీక్ష.

చాలావరకు బాగానే పట్టుకుంది. తర్వాత "ఎండలు మండిపోతున్నాయి" ప్రశ్న అంది. "ఏనుగు" కనపడితే ప్రశ్న అంది. "ఇంటికి రా" ప్రశ్న అంది. "ఎవరో వచ్చి వెళ్ళారు" అన్నదాన్నీ ప్రశ్న అంది. అక్కడ ఆగి ఆలోచించా. "ఎవరు వచ్చారు?" అంటే అడిగే మాట, "ఎవరో వచ్చారు" అంటే ఇచ్చే మాట, "ఎవరూ రాలేదు" కూడా ఇచ్చే మాటే. ఒక్క అచ్చుతో మొత్తం తిరగబడింది. "నిన్న బస్సెక్కానా, సీటు లేదు" అన్నప్పుడు "ఎక్కానా" ప్రశ్నలా ఉంటుంది కానీ మనం ఏమీ అడగడం లేదు, కథ చెబుతున్నాం.

ఇంకో సంగతి, మనలో చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తాం. అలా చేస్తే "కుక్క"కీ "కుక్కా"కీ స్పెల్లింగ్ ఒకటే అయిపోతుంది. దీర్ఘం పోయింది కాబట్టి అక్కడ క్వశ్చన్ మార్క్ నిజంగా అవసరం. కంప్యూటర్‌కి అది ఆస్కీలో 63వ నంబర్ మాత్రమే, మనకి పోయిన దీర్ఘానికి బదులు. స్పానిష్ వాళ్ళైతే ప్రశ్న ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియాలని వాక్యం ముందు తలకిందులు గుర్తు పెడతారు. వాళ్ళ భాషా అకాడమీ 1754లో తెచ్చిన పద్ధతి అది.

అంటే అక్షరాల రూల్స్‌తో కొంతదూరమే వెళ్ళగలం. చివరికి మిగిలేది ఒకటే, చెప్పేవాడికి జవాబు కావాలా వద్దా? ఇది పిల్లలకి చెప్పి తీరాలి. ఎందుకంటే పెద్దవాళ్ళం జవాబు అక్కర్లేని ప్రశ్నలు చాలా వేస్తాం. "నీకు బుద్ధుందా?" అంటే "ఉంది" అని చెప్పిన పిల్లాడికి ఇంకో రెండు పడతాయి. "ఎందుకు పగలగొట్టావ్?" అన్నప్పుడు కారణం వినే ఓపిక మనకి ఉండదు. రోజూ వినే ప్రశ్నల్లో సగం తిట్లే అయితే, ప్రశ్న అంటే అడిగే మాట అని పిల్లాడు ఎలా నమ్ముతాడు?

చేప సంగతి

మరుసటి ఆదివారం మళ్ళీ అదే వర్క్‌షీట్ చేయించా. ఒక్కో వాక్యం ముందు తెలుగులో చెప్పుకుని, చెయ్యి చాపాలో బోర్లించాలో చూసుకుని, తర్వాత గుర్తు పెట్టాడు. పదికి ఎనిమిది కరెక్ట్. "డు" ఉన్న రెండూ తప్పాడు, అవి ఇంకొన్నాళ్ళకి వస్తాయి.

అప్పుడు అడిగా, "ఆ రోజు క్లాసులో చేప ఉంది అన్నావు కదా, ఎందుకు?" వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది కండ్లు మూయదు మామా. మరి పంటదా?" అన్నాడు.

వాడి దగ్గర ప్రశ్న ఉంది. చాలా మంచి ప్రశ్న. చాలా చేపలకి కనురెప్పలు ఉండవు, కళ్ళు తెరిచే విశ్రాంతి తీసుకుంటాయి. వాడు ముందు ఇచ్చే మాట చెప్పి, తర్వాత అడిగే మాటకి వద్దామనుకున్నాడు. మధ్యలో నవ్వు వచ్చి ఆపేసింది. మనం చేసేదీ అదేగా? లేచి నిలబడి "సార్, డౌట్" అంటాం. అది ప్రశ్న కాదు, సమాచారం. అసలు ప్రశ్న తర్వాత వస్తుంది. సార్ ఆగితే వస్తుంది, పక్కవాడు నవ్వకపోతే వస్తుంది.

"మీ క్లాసుల కూడా నవ్వుతరా?" అని వాడు అడిగాడు. "నవ్వుతారు" అన్నా. "మరి నువ్వు అడుగుతవా?" అన్నాడు. "అడుగుతా" అన్నా. ఇచ్చే మాటే, కానీ అబద్ధం. ఈ సెమిస్టర్‌లో నేను క్లాసులో ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు.

సెలవులకి ఇళ్ళకి వెళ్తారు కదా, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఐదేళ్ళ పిల్లలుంటే ఈ చేతుల ఆట ఆడించి చూడండి. మధ్యలో వాళ్ళు సంబంధం లేకుండా "మా ఇంట్లో చేప ఉంది" అంటే నవ్వకండి. "అయితే?" అని ఒక్కమాట అనండి. నేను సోమవారం క్లాసులో చెయ్యెత్తాలి, ఎలాగూ మాట ఇచ్చేశా.