యుద్ధనౌకల నమూనాలు కట్టు విద్య

ఇరువదవ శతాబ్దమున బ్రిటిషు నౌకాదళము ఉక్కుతో గట్టించిన మహాయుద్ధనౌకలలో నేడు ఒక్కటియు మిగిలియుండలేదు. వానిలో కడపటిదైన వాన్ గార్డ్ 1960వ సంవత్సరమున ముక్కలు చేయుటకై అమ్మబడెను. దానిని పోర్ట్స్ మత్ రేవునుండి లాగికొని పోవుచుండగా, రేవు దాటకమునుపే అది ఒడ్డుప్రక్క మేటలో చిక్కుకొని, వీడుకోలు చెప్పవచ్చిన జనులయెదుట కొంతసేపు కదలక నిలిచెను. తుదకు దానిని స్కాట్లండునకు జేర్చి విడగొట్టిరి. అట్టి నౌకలు ఎట్లుండెనో తెలిసికొనగోరువారు ఛాయాచిత్రములు చూడవచ్చును. కాని ఛాయాచిత్రము ఒక్క ప్రక్కనే చూపును. నౌకాశిల్పుల పటములు చూడవచ్చును; కాని పటము చదువుట అందఱికిని చేతగాదు. నమూనా యొక్కటియే చుట్టు తిరిగి, వంగి, పైనుండి, క్రిందినుండి చూడదగినది. ఈ విద్యనుగూర్చి మా విద్యార్థులును వారి తలిదండ్రులును పలుమాఱు అడుగుచుండుటచేత, మాకు తెలిసినంతవఱకు ఇందు వ్రాయుచున్నాము.

నమూనాలు కేవలము పిల్లల యాటకొఱకు పుట్టినవి కావు. 17వ శతాబ్దమునుండియు ఇంగ్లండులో నౌకలకు కఱ్ఱతో అందమైన చిన్న రూపములు చేయించుట కలదు. వానికి నేవీ బోర్డు నమూనాలని పేరు. అసలు నౌక యొక్క ఒక అడుగునకు నమూనాలో పావు అంగుళము. అనగా నలువది యెనిమిదింట నొకవంతు. నీటిమట్టమునకు దిగువ పలకలు వేయక, లోపలి కఱ్ఱలు ప్రక్కటెముకలవలె కనబడునట్లు విడిచెడివారు. గ్రీనిచ్చిలోని జాతీయ నౌకా ప్రదర్శనశాలలో నిట్టివి అనేకము గలవు. నెపోలియను యుద్ధముల కాలమున ఇంగ్లండులో చెఱయందున్న ఫ్రెంచి సైనికులు తమకు పెట్టిన మాంసములోని యెముకలను దాచి, చెక్కి, నౌకల రూపములు చేసి దగ్గఱి యూళ్ల జనులకు అమ్ముకొనెడివారు. నార్మన్ క్రాస్ అను చోట గల చెఱసాల ఇందుకు పేరుపొందినది. పటములు లేక గుర్తునుబట్టి చేసినవగుటచేత వాని కొలతలు నమ్మదగినవి కావు. అయినను చేతిలో పనిముట్లు సరిగా లేని బందీలు అట్టి సన్నని పని చేసిరన్నచో, మంచి ఉలి లేదని సాకుచెప్పు మనము సిగ్గుపడవలసినదే.

తరువాతి కాలమున నౌకలు కట్టు కంపెనీలే తాము కట్టిన ప్రతి పెద్ద నౌకకు నమూనా చేయించి, చిల్లర సామానులకు వెండిబంగారు పూతలు పూయించి, అద్దాల పెట్టెలలో నుంచెను. ఇక నార్తాంప్టనులోని బాసెట్ లోకీ వారు రెండు మహాయుద్ధములయందును నౌకాధికారులు దూరమునుండి స్వపరనౌకల గుర్తుపట్ట నేర్చుకొనుటకై చిన్న నమూనాలు చేసిరి. వానిలో నూఱు అడుగులకు ఒక అంగుళము. అనగా 1200వ వంతు. నీటిపైన గనబడు భాగము మాత్రమే చేయుదురు గనుక బల్లమీద నుంచిన సముద్రముపై నున్నట్లే యుండును.

కొలత నిర్ణయించుటయే మొదటి పని. హుడ్ అను నౌక పొడవు 860 అడుగుల 7 అంగుళములు. 1200వ వంతున దాని నమూనా 8½ అంగుళములకు కొంచెము మించును. 600వ వంతున 17 అంగుళములు దాటును. 350వ వంతున 29½ అంగుళములు. 96వ వంతున దాదాపు 9 అడుగులు. నేడు ప్లాస్టిక్కుతో అచ్చుపోసిన భాగములు పెట్టెలలో దొరకుచున్నవి. వానిలో ఎయిర్ ఫిక్సు కంపెనీవారి పాతవి 600వ వంతువి. ఇప్పటివి 700 లేక 350వ వంతువి యెక్కువ. ఆరడుగుల మనిషి 350వ వంతున అంగుళములో అయిదవ భాగ మెత్తుండును. 1200వ వంతున ఆవగింజంత యగును.

ఈ లెక్కతోనే మఱొక సంగతి పిల్లలకు చూపవచ్చును. 1940 జూలై 9వ తేదీన మధ్యధరా సముద్రమున వార్ స్పైట్ అను నౌక జూలియో చేజరే అను ఇటలీ యుద్ధనౌకను సుమారు 26,000 గజముల దూరమునుండి కొట్టెను. ఆ దూరము 1200వ వంతున 65 అడుగులు. మేము బడి వరండాలో ఆరున్నర అంగుళములైన లేని కాగితపు ఓడ నొకటి యీ చివర, మఱొకటి 65 అడుగుల యావల నుంచి, పిల్లలను దూరపుదాని గుర్తుపట్టుమంటిమి. ఆ ఫిరంగిపని యెట్టిదో పాఠముకంటె ఆ వరండాయే బాగుగా దెలిపెను.

కొలత తరువాత పటము. నౌకాపటములు మూడు విధములు: ప్రక్కనుండి చూచినట్లు గీసినది, పైనుండి సగము వెడల్పు చూపునది, అడ్డముగా కోసినట్లు చూపునది. ఈ మూటియందును ఒకే బిందువు కుదిరిననే గాని నౌక యాకారము నిలువదు. బ్రిటిషు నౌకాదళమువారు నౌక పూర్తియైన పిమ్మట, కట్టిన విధమున కట్టినట్లు రంగుసిరాలతో మఱల పటములు గీయించెడివారు. ఆరంభమున అనుకొన్నదానికిని తుదకు నిర్మించినదానికిని భేదముండును గావున నమూనాకారునకు ఈ రెండవ పటమే ప్రాణము. 1965లో మరణించిన నార్మన్ ఆఫ్ అను నాతడు ఇట్టి పటములను, ఛాయాచిత్రములను పోల్చి పోల్చి స్వయముగా గీసిన పటములను నేటికిని నమూనాకారులు వాడుచున్నారు. ఆయన చేసిన క్వీన్ ఎలిజబెత్ నౌక నమూనా లండనులోని ఇంపీరియల్ యుద్ధ ప్రదర్శనశాలకు చెందినది.

ఇక్కడ మా తప్పు నొకటి చెప్పుకొనుట న్యాయము. కొన్నియేండ్ల క్రిందట మేము కఱ్ఱపని తరగతిలో వార్ స్పైట్ నమూనా కట్టితిమి. నాలుగు మాసముల పని. వార్షికోత్సవమున బల్లపై నుంచితిమి, పెద్దలందఱును మెచ్చుకొనిరి. ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు మాత్రము పుస్తకము చేతబట్టుకొనివచ్చి, "అయ్యగారూ, మన యోడకు పొగగొట్టములు రెండున్నవి గదా, ఈ ఫోటోలో ఒక్కటే యున్నదేమండీ?" అని యడిగెను. మాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత వెదకగా సంగతి తెలిసినది. 1913లో నీటికి దిగిన ఆ నౌకకు మొదట పొగగొట్టములు రెండు. 1924-26 మరమ్మతులలో ఆ రెండింటిని ఒక్కటిగా గలిపిరి. 1934-37 మధ్య యంత్రములతో సహా నౌకనంతయు తిరుగగట్టి, ముందుభాగమున మేడవంటి యున్నతమైన కట్టడము నిలిపిరి. మేము 1916 నాటి పొగగొట్టములు రెండును, 1937 నాటి మేడను గలిపి, ఏ సముద్రమునందును ఏనాడును తేలని నౌక నొకదానిని గట్టితిమి! అందుచేత ఇప్పుడు ఎవరైనను మాయొద్దకు వచ్చి "వార్ స్పైట్ కట్టుదుము" అనినచో, ఏ సంవత్సరపు వార్ స్పైట్ అని ముందుగా నడుగుదుము. జట్లండు యుద్ధమున చుక్కాని బిగిసి శత్రువులయెదుట గుండ్రముగా తిరిగిన 1916 నాటిదా? లేక 1942 నాటిదా? ఆ 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసిన సమయమున వార్ స్పైట్ హిందూమహాసముద్రమున సోమర్విల్ సేనాపతికి పతాకనౌకగా నుండెను. మన తీరమునకు సంబంధించిన నౌకయని మా పిల్లలు దానినే కోరుదురు.

ఇక పని. నౌక యొడలు చేయుటకు రెండు దారులు. తెఱచాప నౌకలకు వెన్నుదూలము, ప్రక్కటెముకలు నిలిపి, పైన సన్నని బద్దలు అంటింతురు. ఉక్కు నౌకలకు పలకలపై పలకలు పేర్చు పద్ధతి సులభము. ఆంగ్లేయులు దీనిని రొట్టెయు వెన్నయు అందురు. పలక రొట్టె, జిగురు వెన్న యని భావము. పటములోని ఒక్కొక్క నీటిమట్టపు గీతను ఒక్కొక్క పలకపై దించి, రంపముతో కోసి, నడుమ భాగము తొలగించి, జిగురుతో నంటించి, బిగించి ఆరనీయవలెను. అప్పుడది మెట్లు మెట్లుగా నుండును. ఆ మెట్ల యంచులను ఉలితోను చిత్రికతోను తీసి, అట్టతో గోసిన అచ్చులు ఆనించి చూచుచు, ఉప్పుకాగితముతో నునుపు చేయవలెను. అచ్చుకును కఱ్ఱకును నడుమ వెలుతురు కనబడినంతకాలము పని పూర్తికాలేదన్నమాట. తొందరపడువారు ఇక్కడనే చెడగొట్టుదురు. ముక్కు దగ్గఱ ఒక్కసారి ఎక్కువ తీసినచో మఱల పెట్టుటకు వీలులేదు. ఫిరంగి గొట్టములను ఇత్తడి కమ్మితో తరిమెనపై తీయుదురు. పడవలు, లంగరులు, గాలిగొట్టములు ఎవరి యోపికకొలది వారు చేసికొనవచ్చును.

చిన్న సామానులలో నొక చిక్కు గలదు. అంగుళము లావుగల కమ్మి 350వ వంతున తలవెండ్రుకంత యగును. దానికి బదులు దారము కట్టిన అసలు నౌకలో తాటిదూలము కట్టినట్లుండును. సన్నగా చేయలేని వస్తువును లావుగా చేయుటకంటె విడిచిపెట్టుటయే మేలని మా యభిప్రాయము. ఈ విషయమున మాతో నొప్పుకొననివారు చాలమంది యున్నారు.

తెఱచాప నౌకలలో త్రాళ్ల పనియే సగము. విక్టరీ నౌక వెన్నుదూలము 1759లో చాథమునందు వేసి, 1765లో నీటికి దింపిరి. 1805లో ట్రఫాల్గరు యుద్ధమున నెల్సను దానిమీదనే మరణించెను. 1922 మొదలు పోర్ట్స్ మత్ లో నీరులేని రేవుగుంటలో నిలిచియున్నది. స్తంభములను కదలకుండ పట్టియుంచు మోకులకు తారు పూయుదురు గావున నల్లగా నుండును. తెఱచాపలను లాగుటకు దింపుటకు వాడు త్రాళ్లు నారవన్నెలో నుండును. ఈ భేదము తెలియక అన్నియు నల్లదారముతో కట్టినవారిని మేము చూచితిమి. విక్టరీ రంగునుగూర్చియు నొక పాఠము గలదు. చిరకాలము దాని ప్రక్కల పట్టెలు నారింజచాయ గల పసుపుగా నుండెను. నమూనాలకును అదే పూసిరి. పాతపూతల పొరలను శాస్త్రజ్ఞులు పరీక్షించి చూడగా, ట్రఫాల్గరునాటి వన్నె అంతకంటె వెలిసినట్టి, లేతగులాబి చాయ గల పసుపని తేలినది. 2015లో నౌకకు ఆ రంగే వేసిరి. ప్రపంచమందలి నమూనాలు ఎన్నియో ఒక్క దినమున తప్పయినవి.

నీటిలో నడచు నమూనా కట్టువారికి గణితము మఱికొంత కావలెను. 1906లో నీటికి దిగిన డ్రెడ్ నాట్ 527 అడుగుల పొడవు, సుమారు 18,000 టన్నుల బరువు, గంటకు 21 నాట్ల వేగము గలది. 96వ వంతున దాని నమూనా అయిదున్నర అడుగులు. బరువులో తొంబదియాఱవ వంతు కాదు. పొడవు, వెడల్పు, లోతు మూడును తగ్గును గావున 96ను మూడుమాఱులు హెచ్చించి భాగింపవలెను. దాదాపు 46 పౌన్లు వచ్చును. అంతకంటె తేలికైనచో పైకి తేలి ఊగులాడును. అడుగున సీసము వేయుదురు. వేగము సంగతి వేఱు. విలియం ఫ్రూడ్ అను ఆంగ్లేయుడు 1870 తరువాత టార్కీలో పొడవైన తొట్టి కట్టించి, మైనముతో చేసిన నౌకారూపములను అందులో లాగించి, అలలు సరిపోలుటకు వేగము పొడవు యొక్క వర్గమూలమును బట్టి తగ్గవలెనని చూపెను. 96కు వర్గమూలము సుమారు 9.8. కావున నమూనా డ్రెడ్ నాట్ గంటకు రెండున్నర మైళ్లు నడచిన చాలును. గట్టుపై మెల్లగా నడచుచు దానిని వెంబడింపవచ్చును. చెఱువులో నుఱుగులు క్రక్కుచు పరుగెత్తు నమూనాలు చూడ వేడుకయే గాని, అవి యుద్ధనౌకలవలె నడచుటలేదు.

డ్రెడ్ నాట్ కట్టువారికి అనుకోని యొక సంగతి చేతికి తగులును. దాని ముందరి స్తంభము మొదటి పొగగొట్టమునకు వెనుక నున్నది. ఫిరంగిగుండ్లు ఎక్కడ పడుచున్నవో చూచి చెప్పువారు కూర్చుండు చోటు ఆ స్తంభముపైననే. నౌక ముందునకు సాగునప్పుడు పొగయు వేడియు నేరుగా వారి మొగముమీదికే వచ్చెడివి. పది పండ్రెండంగుళముల ఫిరంగులు, ఆవిరి టర్బైనులు గలిగి లోకమందలి నౌకలనన్నిటిని ఒక్కమాఱు పాతవిగా జేసిన నౌకకు ఈ లోపము! పటములో చూచిన కన్నులకు తోచలేదు. పొగగొట్టము నిలిపి, దాని వెనుక స్తంభము గుచ్చినప్పుడు మా పిల్లవాడే "ఇదేమండీ, పొగ వీరిమీదికే గదా" అనెను.

ఈ యేడు మేము హుడ్ నౌకను 350వ వంతున కట్టుచున్నాము. 1918లో క్లైడ్ నదిలో నీటికి దిగిన ఈ నౌక యిరువది యేండ్లు లోకమున అన్నిటికంటె పెద్ద యుద్ధనౌకగా నుండెను. వెనుకటి డెక్కు నీటికి మిక్కిలి దగ్గఱ. వేగముగా పోవునప్పుడు అలలు దానిపైకి ఎక్కి పాఱెడివి. ఆ వంపు సరిగా రానిదే అది హుడ్ గాదు. ఏ సంవత్సరపుదని మేమడుగగా, పిల్లలు 1941 మే అని చెప్పిరి. డెక్కుపై మనుష్యులను నిలుపుదమని ఒకడనగా, మఱియొకడు కాగితముపై లెక్క వేసెను. మనిషికి 20 అంగుళములు చోటిచ్చి భుజము భుజము ఆనించి నిలిపినచో, 1941 మే 24వ తేదీన ఆ నౌకపై నున్న 1,418 మందికి నౌకపొడవున రెండు వరుసలు నిండి, మూడవ వరుస ముప్పాతిక వచ్చును. ఆ యుదయమున బిస్మార్కు గుండ్లకు హుడ్ ప్రేలి మునిగినప్పుడు బ్రదికినవారు ముగ్గురు. పిల్లవాడు ఆ కాగితమును మడచి నమూనా పెట్టెలో నుంచెను. మనుష్యులను నిలుపుమాట మఱల నెవ్వరును ఎత్తలేదు. వెనుకటి డెక్కు వంపు రెండుమాఱులు తప్పి మూడవమాఱు కుదిరినది. డెక్కుపై పలకల గీతలు గీయుట ముగిసినది. పొగగొట్టములు రెండును ఇంక నిలుపవలసియున్నవి.